బ్రేస్ కొనివ్వడం సగం పనే

మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయికి వెన్నెముక పక్కకు వంగింది. డాక్టరుగారు బ్రేస్ వాడమన్నారు. చంకల కింద నుంచి తుంటి దాకా పట్టి ఉంచే గట్టి ప్లాస్టిక్ కవచం అది. దాతలు తలా కొంత వేసి కొనిచ్చారు. ఆరు నెలల తరువాత ఎక్స్‌రే తీస్తే వంపు పెరిగింది. "రోజూ వేసుకుంటున్నావా అమ్మా?" అని అడిగితే తల ఊపింది. వాళ్లమ్మ మాత్రం, "రాత్రి ఉక్కకి తీసేస్తాది మాస్టారూ" అంది మెల్లగా. పిల్ల మీద కోపం రాలేదు. ఆరు నెలలుగా మేమూ అడగలేదు కదా!

ఈ సమస్యను స్కోలియోసిస్ అంటారు. ఎక్కువగా పది నుంచి పదహారేళ్ల మధ్య, పిల్లలు వేగంగా ఎదిగే వయసులో బయటపడుతుంది. చాలామందిలో కారణం తెలియదు. ముందుకు వంగమని వెనుక నుంచి చూస్తే వీపు ఒక పక్క ఎత్తుగా కనిపిస్తుంది. వంపు సుమారు 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉండి, ఎదుగుదల ఇంకా మిగిలి ఉంటే బ్రేస్ ఇస్తారు. వంపు పెరిగి ఆపరేషన్ దాకా పోకుండా ఆపడమే దాని పని.

అమెరికా, కెనడాల్లోని 25 ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితాలు 2013లో వెలువడ్డాయి. వంపు 50 డిగ్రీలకు చేరకుండా ఎదుగుదల ముగించుకున్నవారు బ్రేస్ వాడినవారిలో నూటికి 72 మంది, వాడనివారిలో 48 మంది. రోజుకు 18 గంటలు వేసుకోమన్నారు. ఎంతసేపు వేసుకున్నారో తెలుసుకోవడానికి బ్రేస్‌లోనే ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న పరికరం అమర్చారు. రోజుకు సగటున దాదాపు 13 గంటలు, అంతకు మించి వేసుకున్నవారిలో నూటికి 90 మందికి తగ్గకుండా గట్టెక్కారు.

డల్లాస్‌లోని ఒక పిల్లల ఆసుపత్రి 2016లో మరో సంగతి చెప్పింది. గంటలు లెక్కిస్తున్నామని చెప్పి, వచ్చినప్పుడల్లా ఆ లెక్క చూపి మాట్లాడితే పిల్లలు సగటున 13.8 గంటలు వేసుకున్నారు. అలా మాట్లాడని పిల్లలు 10.8 గంటలే. లెక్క అడిగింది దండించడానికి కాదు, తోడు నిలవడానికి.

మన దగ్గర ఒక చిక్కుంది. 2013 పరిశోధనలో 28 డిగ్రీలు, ఆపైన నమోదైతే బ్రేస్ ఒంటి మీద ఉన్నట్టు లెక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మే నెలలో గోడకు తగిలించిన బ్రేస్ కూడా 28 డిగ్రీలు దాటుతుంది! పరికరం తెచ్చినా ఆ హద్దును మన ఎండకు తగ్గట్టు మార్చాలి. పక్కన నోటుపుస్తకమూ ఉండాలి.

మేము చేసింది అదే. వేసిన వేళ, తీసిన వేళ తల్లి రాస్తుంది. వారానికోసారి నేను చూస్తాను. తక్కువైతే తిట్టను, ఎందుకని అడుగుతాను. ఉక్కపోత అంటే లోపల వేసుకోవడానికి పలుచని నూలు బనియన్లు ఇచ్చాం. క్లాసులో సిగ్గు అంటే బడి నుంచి రాగానే వేసుకుని తెల్లారి బడికి వచ్చేదాకా ఉంచుకోమన్నాం. సాయంత్రం అయిదు నుంచి ఉదయం ఎనిమిది దాకా పదిహేను గంటలు. స్నానానికి, ఆటకు తీసినా పదమూడు మిగులుతాయి.

దాతలకు నా మనవి ఒక్కటే. బ్రేస్ ఖర్చుతో పాటు, ఎదిగే పిల్లకు మళ్లీ మార్చే ఖర్చు, విశాఖ వెళ్లిరావడానికి ఛార్జీలు, రెండు బనియన్లు, వారానికోసారి ఇంటికి వెళ్లి పలకరించే ఒక మనిషి - ఇవన్నీ కలిపి ఒక దానంగా లెక్కవేయండి.

మా అమ్మాయి పుస్తకంలో ఇప్పుడు పదమూడు దాటిన రోజులే ఎక్కువ. వేసవి తరువాత మళ్లీ ఎక్స్‌రే ఉంది.