చార్టు ఇంకెవరైనా రాస్తారులే

తెనాలి

బుజ్జమ్మా,

సైన్స్ ఫెయిర్‌కి పేరిచ్చావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మోటారు, వైర్లు అబ్బాయిల వంతట, చార్టు రాసి వచ్చినవాళ్ళకి వివరించడం నీ వంతట. హైస్కూల్లో సైన్సు చెప్పినన్నాళ్ళూ నేను చూసింది ఇదే. దస్తూరీ బాగుందని చార్టు ఆడపిల్లకి అంటగడతారు. జడ్జి వచ్చి "ఇదెందుకు తిరగట్లేదమ్మా?" అంటే పాపం పక్కవాడి మొహం చూస్తుంది. వైరు ముట్టుకోనిస్తేగా తెలిసేది!

ఈసారి నీదంటూ ఒకటి చెయ్యి. కాలవ నీళ్ళని శుద్ధి చేసి గుంటూరుకి పంపే కేంద్రం మీ ఊళ్ళోనే ఉంది కదా, అక్కణ్ణుంచే మొదలుపెట్టు. వానాకాలపు బురదనీళ్ళు ఒకే బిందెలోంచి మూడు గాజు గ్లాసుల్లో సమంగా పొయ్యి. ఒకదాంట్లో ఏమీ వెయ్యకు. రెండోదాంట్లో పటిక. మూడోదాంట్లో మునగ గింజలు: ఎండినవి పొట్టు తీసి మెత్తగా దంచి, కాసిని మంచినీళ్ళలో కలిపి గుడ్డలో వడగట్టి పొయ్యాలి. మూడింటినీ ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా తిప్పి గంటసేపు కదపకుండా ఉంచు. గ్లాసు కింద న్యూస్‌పేపరు పెట్టి పైనుంచి చూడు. ఏ గ్లాసులో అక్షరాలు ముందు కనిపించాయో టైము వేసి రాసుకో. మోతాదు మార్చి మళ్ళీ చెయ్యి, ఎక్కువ వేస్తే ఏమవుతుందో కూడా చూడు.

మట్టి రేణువులకి ఋణావేశం ఉంటుంది, ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. మునగ గింజలోని ప్రోటీన్‌ది ధనావేశం. రెండూ కలిస్తే రేణువులు ముద్దకట్టి అడుక్కి దిగుతాయి. అయితే తేటపడ్డాయని ఆ నీళ్ళు తాగెయ్యకూడదు, క్రిములన్నీ పోవు. జడ్జి అడిగేది సరిగ్గా ఇదే, చూసుకో.

పనిని చేతుల్లోకి తీసుకోవడమంటే ఏమిటో చెప్తా విను. 2021 జూలై 11న వర్జిన్ గెలాక్టిక్ నౌకలో అంతరిక్షం అంచుకి వెళ్ళొచ్చిన బండ్ల శిరీష మూలాలు మన తెనాలి వైపే. అందరూ ఫొటో చూసి మురిశారు గానీ, అక్కడ ఆవిడ చేసిన పని ఎంతమందికి తెలుసు? ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్ళ మొక్కల ప్రయోగం అది. గురుత్వాకర్షణ మారుతున్న వేళల్లో మొక్కలున్న గొట్టాలని సమయం చూసి స్వయంగా పనిచేయించింది.

మీ హెడ్మాస్టారిని ఇన్‌స్పైర్ మానక్ పథకం గురించి అడుగు. బడి తరఫున ఐదు ఆలోచనలు పంపొచ్చు. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు నీ పేరునే బ్యాంకులో పడతాయి. మునగ గింజల సంగతి పాతదే, వాళ్ళకి కావల్సింది సొంత ఆలోచన. దంచడమో, వడగట్టడమో, మోతాదు కొలవడమో, ఏదో ఒకటి నీకు విసుగు పుట్టిస్తుంది చూడు. ఆ విసుగు తీర్చే చిన్న సాధనం తయారుచేశావా, అదే నువ్వు పంపాల్సింది.

సాయంత్రాలు బడిలో ఆలస్యమైతే మీ నాన్న గొణుగుతాడు, వాడితో నేను మాట్లాడతాను. దొడ్లో మునక్కాయలు కొన్ని చెట్టునే ఎండనివ్వమని మాత్రం అమ్మకి ఇవాళే చెప్పు, లేకపోతే అన్నీ పులుసులోకి పోతాయి.

మీ పెద్దమ్మ