బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ లిమిట్ తగ్గించినప్పుడు



మన పెద్దలలో అనేకులు మగ్గము పనికో, గని పనికో, కూలి పనికో ఈ రాష్ట్రములకు వచ్చిరి. నేడు వారి పిల్లలలో, మనుమలలో కొందరు సొంతముగా చిన్న వ్యాపారములు నడుపుకొనుచున్నారు. నాలుగు సాంచాలు, ఒక కిరాణా దుకాణము, ఒక ప్రింటింగ్ ప్రెస్సు, ఒక లారీ – ఇటువంటి వాటికి బ్యాంకు ఇచ్చే ఓవర్‌డ్రాఫ్ట్ గొప్ప ఆధారము. ఆ ఆధారము ఒక ఉదయమున చెప్పాపెట్టకుండ తగ్గిపోతే ఏమి చేయవలెను? ఈ పాఠములో మనము నేర్చుకొనునది అదే.

1. ఒక ఉదాహరణ

సోలాపూరులో తువ్వాళ్ళు నేయించే ఒక సహోదరుని ఊహించుకొందాము. ఆయనకు బ్యాంకులో 5,00,000 రూపాయల లిమిట్ ఉన్నది. అందులో 4,60,000 వాడుకొన్నాడు. ఇంకను 40,000 ఉన్నదను ధైర్యముతో నూలు సేఠుకు ఆ మొత్తమునకు చెక్కు ఇచ్చినాడు. మూడవ రోజున చెక్కు తిరిగి వచ్చింది. బ్యాంకుకు వెళ్ళి అడిగితే, "మీకు ఇప్పుడు 3,75,000 వరకే ఉన్నది. మీరే 85,000 కట్టవలెను" అన్నారు. ఆయన వడ్డీ ఎగవేయలేదు, ఎవరినీ మోసము చేయలేదు. మరి ఏమి జరిగింది?

2. రెండు అంకెలు

సరుకు మీద ఇచ్చే ఓవర్‌డ్రాఫ్ట్‌కు గాని, క్యాష్ క్రెడిట్‌కు గాని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది శాంక్షన్ లిమిట్. ఇది సంవత్సరమునకు ఒకసారి నిర్ణయిస్తారు. రెండవది డ్రాయింగ్ పవర్. ఇది మనము ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటును బట్టి మారుతూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తక్కువో అంతవరకే మనము వాడుకొనవలెను. చాలామంది మొదటి అంకెనే గుర్తుంచుకొని రెండవ దానిని మరచిపోవుదురు.

పై సహోదరుని లెక్క చూడండి. మొదట ఆయన దగ్గర సరుకు 5,00,000. కొనుగోలుదారుల నుండి రావలసిన బాకీలు 3,00,000. నూలుకు తాను ఇవ్వవలసినది 1,00,000. నికరము 7,00,000. అందులో నాలుగవ వంతు మార్జిన్‌గా తీసివేస్తే డ్రాయింగ్ పవర్ 5,25,000. గనుక 5,00,000 లిమిట్ అంతయు వాడుకొనవచ్చును. తరువాత బాకీలలో 2,00,000 రూపాయలు 90 రోజులు దాటిపోయినవి. అట్టి పాత బాకీలను బ్యాంకులు సాధారణముగా లెక్కలోనికి తీసుకొనవు. అప్పుడు నికరము 5,00,000 మాత్రమే. మార్జిన్ పోగా 3,75,000. శాంక్షన్ లిమిట్ మారలేదు, డ్రాయింగ్ పవర్ తగ్గింది.

మార్జిన్ ఎంత, ఎన్ని రోజుల బాకీలు చెల్లుతాయి అనునవి మీ శాంక్షన్ లెటరులో ఉంటాయి. ఆ లెటరు ఆంగ్లములో ఉన్నను, చదువుకొన్న మన పిల్లలచేత ఒకసారి పూర్తిగా చదివించుకొని అర్థము తెలిసికొనండి.

3. లిమిట్ తగ్గుటకు కారణములు

ముఖ్యముగా మూడు కారణములు కనబడుతున్నవి.

మొదటిది, పైన చెప్పినట్లు డ్రాయింగ్ పవర్ తగ్గుట. స్టాక్ స్టేట్‌మెంటు ఆలస్యమైనను ఈ చిక్కు వస్తుంది. మూడు నెలలు దాటిన స్టేట్‌మెంటు మీద లెక్కకట్టిన డ్రాయింగ్ పవర్‌తో వాడుకొనుటను రిజర్వు బ్యాంకు నియమములు సక్రమమైనదిగా ఎంచవు.

రెండవది, రెన్యూవల్. గడువు తీరిన తరువాత కాగితములు ఇవ్వకపోతే ఖాతా ఆగవచ్చును. అమ్మకములు తగ్గితే కొత్త లిమిట్ కూడ తగ్గవచ్చును. 1992లో నివేదిక ఇచ్చిన నాయక్ కమిటీ పద్ధతి ప్రకారము, చిన్న పరిశ్రమలకు అంచనా వేసిన సంవత్సరపు అమ్మకములలో కనీసము 20 శాతము పెట్టుబడి అప్పుగా లెక్కకడతారు. 25 లక్షల అమ్మకములకు 5 లక్షలు. అమ్మకములు 18 లక్షలకు దిగితే లెక్క 3,60,000కు దిగుతుంది.

మూడవది, బ్యాంకు తన సొంత నిర్ణయముతో తగ్గించుట. హామీగా పెట్టిన ఇంటి విలువ తగ్గినదని గాని, వేరేచోట అప్పు వాయిదా తప్పినదని గాని, ఆ వ్యాపారములోనే నష్టభయము పెరిగినదని గాని అట్లు చేయవచ్చును.

ఏ కారణమో తెలియకముందే కోపపడినను, భయపడినను ప్రయోజనము లేదు. ఒక్కొక్క కారణమునకు మందు వేరు.

4. మొదటి రోజు చేయవలసిన పని

ముందుగా, ఇప్పటికే ఇచ్చిన చెక్కులను కాపాడుకొనవలెను. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టములో 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగి వచ్చినప్పుడే గాక, బ్యాంకుతో ఏర్పాటు చేసికొన్న మొత్తమును మించినందున తిరిగి వచ్చినను ఇది వర్తిస్తుంది. అనగా ఓవర్‌డ్రాఫ్ట్ వాడేవారికి కూడ వర్తిస్తుంది. శిక్ష రెండు సంవత్సరముల వరకు జైలు, లేదా చెక్కు మొత్తమునకు రెండింతల వరకు జరిమానా, లేదా రెండును కావచ్చును. "చెల్లింపు ఆపండి" అని బ్యాంకుకు వ్రాసినంత మాత్రమున దీనినుండి తప్పించుకొనలేము.

కాబట్టి ఒక కాగితము తీసికొని, ఇంకను బ్యాంకుకు రాని చెక్కులన్నియు తేదీలతో వ్రాయండి. ఖాతానుండి వాటంతట అవే పోయే వాయిదాలు, బీమా ప్రీమియములు కూడ చేర్చండి. కొత్త చెక్కు వ్రాయుట ఆపండి. తరువాత చెక్కు తీసికొన్న ప్రతివారికి చెక్కు వేయకముందే మీరే ఫోను చేయండి. "సేఠ్‌జీ, మా లిమిట్ తగ్గింది, పది రోజులు చెక్కు వేయవద్దు, సగము ఇప్పుడు నగదుగా ఇస్తాను" అని ముందుగా చెప్పిన మాటకు విలువ ఉన్నది. చెక్కు తిరిగి వచ్చిన తరువాత చెప్పిన అదే మాట సాకువలె వినబడుతుంది.

చెక్కు తిరిగి వచ్చినను దారి మూసికొనిపోలేదు. చెక్కు పొందినవారు ఆ సంగతి తెలిసిన 30 రోజులలో వ్రాతపూర్వకముగా నోటీసు ఇవ్వవలెను. నోటీసు అందిన 15 రోజులలోపల మనము డబ్బు చెల్లిస్తే ఆ సెక్షను క్రింద నేరము ఏర్పడదు. గనుక నోటీసు వచ్చినప్పుడు దానిని తిరస్కరించి పంపివేయవద్దు. రసీదు లేకుండ డబ్బు చెల్లించవద్దు.

5. బ్యాంకును అడుగుట

రెండవ రోజు బ్యాంకుకు వెళ్ళండి. మేనేజరుగారితో మర్యాదగా మాట్లాడండి గాని, మాటలతో ఆపవద్దు. ఒక ఉత్తరము ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకొనండి. అందులో ఈ సంగతులు అడగండి:

(అ) తగ్గినది శాంక్షన్ లిమిటా, డ్రాయింగ్ పవరా?
(ఆ) ఏ తేదీ నుండి, ఏ కారణము చేత?
(ఇ) శాంక్షన్ లెటరులోని ఏ షరతు ప్రకారము?
(ఈ) ఎక్కువగా ఉన్న మొత్తము కట్టుటకు ఎంత గడువు?
(ఉ) తిరిగి పెంచుటకు మేము ఏమి సమర్పించవలెను?

అప్పు షరతులు మార్చునప్పుడు, అప్పును ముందుగా తిరిగి కట్టమని అడుగునప్పుడు, అదనపు హామీ కోరునప్పుడు అప్పు తీసుకొన్నవారికి నోటీసు ఇవ్వవలెనని 2003 మే నెలలో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పియున్నది. అయితే లిమిట్ తగ్గించుటకు బ్యాంకుకు హక్కు ఉన్నదని శాంక్షన్ లెటరులో సాధారణముగా వ్రాసియుంటుంది. మనము సంతకము చేసినదియు అదే. కాబట్టి "మీకు హక్కు లేదు" అనుటకంటె, "నోటీసు, కారణము, గడువు ఇవ్వండి" అని అడుగుట మేలు.

డ్రాయింగ్ పవర్ తగ్గితే పాత బాకీలు వసూలు చేయండి. మన ఉదాహరణలో ఒక లక్ష వసూలై ఖాతాలో పడితే వాడకము 3,60,000కు దిగి, చిక్కు తీరుతుంది. రెన్యూవల్ ఆగితే జి.ఎస్.టి. రిటర్నులు, ఆదాయపు పన్ను కాగితములు వెంటనే ఇవ్వండి. బ్యాంకు సొంత నిర్ణయమైతే నెలనెలా కొంత చొప్పున తగ్గించమనియు, లేదా ఎక్కువైన మొత్తమును వాయిదాల అప్పుగా మార్చమనియు కోరండి. సాధారణముగా, ఖాతా 90 రోజులు ఎడతెగకుండ లిమిట్‌ను గాని డ్రాయింగ్ పవర్‌ను గాని మించియుంటే అది మొండి బాకీల లెక్కలోనికి పోతుంది. గనుక ఈ మాటలు మొదటి నెలలోనే జరుగవలెను.

ఫిర్యాదు చేయవలసి వస్తే ముందు బ్యాంకుకే వ్రాయండి. 30 రోజులలో జవాబు రాకపోయినను, జవాబు తృప్తికరముగా లేకపోయినను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పంపవచ్చును. దీనికి రుసుము లేదు. 2021 నవంబరు 12 నుండి దేశమంతటికి ఇది ఒకే పథకముగా వచ్చింది. అయితే అప్పు ఎంత ఇవ్వవలెనను బ్యాంకు వ్యాపార నిర్ణయములో ఆయన జోక్యము చేసికొనరు. సేవాలోపము మీదనే ఫిర్యాదు నిలుస్తుంది.

6. చేయకూడనివి

వడ్డీ వ్యాపారి దగ్గర నెలకు నూటికి ఐదు చొప్పున తెచ్చి ఓవర్‌డ్రాఫ్ట్ పూడ్చవద్దు. సంవత్సరమునకు అది 60 శాతము. అమ్మకపు డబ్బును వేరే బ్యాంకు ఖాతాకు మళ్ళించవద్దు. ఉన్న ఖాతాలో జమలు ఆగితే అనుమానము పెరుగుతుంది. లేని సరుకును స్టేట్‌మెంటులో చూపవద్దు. బ్యాంకువారు గోడౌను చూచుటకు వచ్చిన రోజున పరువు పోతుంది, కేసు కూడ రావచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంట్లో దాచవద్దు. భార్యకు తెలియకుండ ఆమె నగలు తాకట్టు పెట్టిన తరువాత తెలిసే బాధ, ముందుగా చెప్పుటలోని సిగ్గుకంటె చాలా పెద్దది.

లిమిట్ మన సంపాదన కాదు, బ్యాంకు మనకు అరువిచ్చిన చోటు. దానిని చివరి రూపాయి వరకు నింపి ఉంచినవారికి చిన్న మార్పు కూడ దెబ్బ అవుతుంది. వీలైనంతవరకు ఐదవ వంతు ఖాళీగా ఉంచుకొనుట మంచిది.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. మీ శాంక్షన్ లెటరు ఇంట్లో ఎక్కడ ఉన్నది? రెన్యూవల్ తేదీ ఏది?
2. ఈ నెల మీ డ్రాయింగ్ పవర్ ఎంత? మీరే లెక్కకట్టి చూడండి.
3. రేపు లిమిట్ నాలుగవ వంతు తగ్గితే మీరు మొదట ఎవరికి ఫోను చేయవలెను?