బరువులు మోయు పనికి కాలపు కొలత

పీణ్యా మొదలు బొమ్మసంద్ర వఱకు బెంగుళూరు చుట్టునుగల కర్మాగారములలో యంత్రములను నడుపువారు కొందఱు. ఆ యంత్రములకు సరకు అందించువారు మఱికొందఱు. స్టోరునుండి పెట్టెలు తెచ్చువారు, లారీలనుండి దించువారు, ట్రాలీలు తోయువారు, ఫోర్క్‌లిఫ్టు నడుపువారు ఈ రెండవ కోవకు చెందుదురు. మన పాఠశాల పిల్లల తల్లిదండ్రులలోను ఇట్టివారు కలరు. “గంటకు ఇన్ని పెట్టెలు” అను లెక్క వారి జీతమునే గాక నడుమునొప్పిని కూడ నిర్ణయించును. ఆ లెక్క యెట్లు పుట్టునో తెలిసికొనుట వారికి అవసరము. అందులో కూడికయు, గుణకారమును, శాతములును తప్ప వేఱు గణితము లేదు.

ఈ శాస్త్రము ఇనుపదిమ్మెలు మోయు పనితోనే ప్రసిద్ధికెక్కినది. 1899లో అమెరికాలోని బెత్లెహేం ఉక్కు కర్మాగారమున ఫ్రెడరిక్ టేలరు ఆ పనిని పరిశీలించెను. ఒక్కొక్క దిమ్మె 92 పౌనులు, అనగా సుమారు 42 కిలోలు. అంతకు ముందు ఒక మనిషి దినమునకు 12½ టన్నులు ఎత్తుచుండగా, 47½ టన్నులు ఎత్తవచ్చునని ఆయన తేల్చెను. కూలి మాత్రము 1 డాలరు 15 సెంట్లనుండి 1 డాలరు 85 సెంట్లకు పెరిగెను. పని నాలుగింతలకు చేరువయ్యెను. కూలి రెండింతలైనను కాలేదు. ఈ బేరము న్యాయమని నాకు తోచదు. టేలరు చెప్పిన కథకును నాటి దస్తావేజులకును పొంతన లేదని 1974లో పరిశోధకులు చూపిరి కూడ.

అయినను 1911లో ఆయన ప్రకటించిన గ్రంథమున ఒక మాట విలువైనది. అంత బరువు మోయువాడు దినములో 43 శాతము కాలము మాత్రమే బరువుతో ఉండవలెననియు, తక్కిన 57 శాతము చేతులు ఖాళీగా ఉండవలెననియు ఆయన వ్రాసెను. అనగా విశ్రాంతి పనిలో భాగమే. గడియారము పట్టుకొని టేలరు వెంట నడచినవారిలో పలువురు 47½ను జ్ఞాపకముంచుకొని 57ను మఱచిరి. 1911 ఆగష్టులోనే వాటర్‌టౌను ఆయుధశాలలో పోతపనివారు స్టాప్‌వాచిని సహింపక పని విడిచి వెలుపలికి నడచిరి.

మన దేశమునకు 1952లో అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు వచ్చి ఈ పద్ధతులను బట్టల మిల్లులలోను, ఇంజనీరింగు కర్మాగారములలోను నేర్పిరి. 1958లో జాతీయ ఉత్పాదకతా మండలి ఏర్పడెను. బెంగుళూరు కర్మాగారముల నగరముగా పెరిగిన కాలమును అదియే: దూరవాణి నగరమున 1948లో టెలిఫోను కర్మాగారము, జాలహళ్ళిలో 1953లో హెచ్‌.ఎం.టి., 1954లో భారత్ ఎలక్ట్రానిక్సు వెలసినవి.

ఇక లెక్కకు వత్తము. ఉదాహరణకై నేను కల్పించిన అంకెలివి. ఒకడు 20 కిలోల పెట్టెను 40 మీటర్ల దూరమునకు చేర్చి వట్టిచేతులతో తిరిగివచ్చును. ఎత్తుటకు 10 సెకండ్లు, మోసికొని పోవుటకు 30, దించి సర్దుటకు 8, తిరిగివచ్చుటకు 27, మొత్తము 75. గంటకు 3,600 సెకండ్లు గనుక 48 పెట్టెలని తొందరపాటుగల అధికారి వ్రాసికొనును. ఈ లెక్క తప్పు.

మొదట వేగమును చూడవలెను. బరువు లేక గంటకు 3 మైళ్లు, అనగా 4.8 కిలోమీటర్లు నడచుటను 100గా ఎంచు కొలమానము ఒకటి కలదు. ఎవరైన గడియారము పట్టి నిలిచినప్పుడు మనిషి సహజముగా వడిగా నడచును. మనవాని వేగము 110 అనుకొందము. అప్పుడు సాధారణునికి పట్టు కాలము 82½ సెకండ్లు. దానికి విశ్రాంతికిని సొంత అవసరములకును 20 శాతము కలిపిన 99 సెకండ్లగును. గంటకు 36 పెట్టెలే.

36కును 48కిని భేదము పండ్రెండే గదా అనిపించవచ్చును. పని జరుగు 7½ గంటలలో అది 90 పెట్టెలు. అనగా 1,800 కిలోల అదనపు బరువు, 7.2 కిలోమీటర్ల అదనపు నడక. అది ప్రతిదినము.

ఆ 75 సెకండ్లలో ఎత్తుటకును దించుటకును పోయినవి 18 మాత్రమే. 57 నడకకే పోయినవి. స్టోరును 10 మీటర్ల దూరమునకు జరిపినచో అదే లెక్కన గంటకు 84 పెట్టెలు వచ్చును, ఎవరును వడిగా నడువనక్కఱలేదు. అయితే ఇచ్చట ఒక చిక్కు కలదు. గంటకు 84 మార్లు ఎత్తిన 1,680 కిలోలగును. వెనుకటి 20 శాతపు విశ్రాంతి అప్పుడు చాలదు. వయోజన పురుషుడు 55 కిలోలకు మించి మోయరాదని, స్త్రీలకు అంతకంటె చాల తక్కువ ఉండవలెనని 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సిఫారసు చేసెను. 20 కిలోలు ఆ హద్దుకు లోబడినదే. కాని ఎన్ని మార్లు ఎత్తితిమన్నది కూడ లెక్కింపవలెను. ఇట్టిచోట ట్రాలీయో, పట్టాలపై జరుగు బల్లయో పెట్టుట ఉత్తమము.

నిరీక్షణ మఱియొక సంగతి. లారీ రాదు, గేటుపాసు రాదు, ఫోర్క్‌లిఫ్టు వేఱొకచోట నుండును. దీనిని స్టాప్‌వాచి పట్టలేదు. బ్రిటనులో బట్టల మిల్లులకై టిప్పెట్టు అను గణాంక శాస్త్రజ్ఞుడు వేఱు మార్గము చూపెను: అనుకోని వేళలలో పలుమార్లు పోయి, ఆ క్షణమున ఏమి జరుగుచున్నదో గుర్తించుట. 200 మార్లు చూడగా 70 మార్లు మనిషి ఎదురుచూచుచున్నట్లు కనబడిన, దినములో సుమారు 35 శాతము నిరీక్షణకు పోవుచున్నదన్నమాట. ఆ దోషము అతనిది కాదు, ఏర్పాటుది.

కొలిచినవారిని మూడు సంగతులు అడుగవచ్చును: ఎంత దూరమునకు కొలిచితిరి, వేగమును ఎంతగా ఎంచితిరి, విశ్రాంతికి ఎంత కలిపితిరి? ఈ అంకెలు లేని పట్టికపై సంతకము పెట్టకముందు యూనియనువారికి చూపుట మంచిది. పద్ధతి మారినచో పాత అంకె చెల్లదు. స్టోరును 40 మీటర్లనుండి 60 మీటర్లకు జరిపి, వెనుకటి 36 పెట్టెలే అడిగినచో, మరల కొలువుడని కోరవలెను.