ఏడిళ్లు తిరిగే పిల్లికూనలు: మచ్చిక చేసే విధానం

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని తెలుగు లోగిళ్లలో నానుడి. తిరువళ్లూరు, తిరుత్తణి పట్టణాలలో ఆ ఏడిళ్లను వెదకనక్కరలేదు. కట్టెల కొట్టు, అటక, మిద్దెమీది నీళ్లతొట్టి చాటు, మగ్గం పక్కన పాత గుడ్డల కుప్ప, మూతబడిన అంగడి వెనుక సందు, ఇవన్నీ తల్లిపిల్లికి పురిటిళ్లే. మనిషి అలికిడి కాగానే అది కూనలను ఒక్కొక్కటిగా నోట కరచుకొని మరొక చోటికి చేరుస్తుంది. ఈ అలవాటు ఎరుగనివారు, ఒంటరిగా కనబడిన కూనలను అనాథలని తలచి ఎత్తుకొనిపోతారు. విసిగినవారు గోనెసంచిలో వేసి ఊరి వెలుపల వదలివస్తారు. ఒకచోట జాలి, మరొకచోట విసుగు. రెండుచోట్లా కూనల ప్రాణానికే ముప్పు. సరైన వయసులో వాటిని ఇంటికి అలవాటు చేయడమే వీటికి మేలైన మార్గం.

ముందుగా గమనించవలసినది

కూనలు కనబడగానే ముట్టుకొనక, దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించాలి. దగ్గర మనుషులు నిలిచి ఉంటే తల్లి రాదు. ఒళ్లు శుభ్రంగా, పొట్ట నిండుగా ఉండి కూనలు నిద్రపోతున్నాయంటే తల్లి మేతకు వెళ్లిందని అర్థం. ఒంటినిండా మురికితో, ఎడతెగక అరుస్తూ, ముట్టుకొంటే చల్లగా ఉన్న కూనకు మాత్రం వెంటనే సాయం కావాలి. దానిని ముందు గుడ్డలో చుట్టి వెచ్చబరచాలి. ఒళ్లు చల్లగా ఉండగా ఏమీ తాగించరాదు.

వయసు లెక్క

పుట్టినప్పుడు కూన బరువు సుమారు 100 గ్రాములు. ఆపై వారానికి ఇంచుమించు మరో 100 గ్రాములు పెరుగుతుంది. కళ్లు 7 నుండి 14 రోజులలో తెరచుకొంటాయి. మూడవ వారంలో తడబడుతూ నడుస్తుంది. నాలుగవ వారానికి పాలపళ్లు కనబడతాయి.

మనిషిని నమ్మే గుణం 2 నుండి 7 వారాల మధ్యనే చక్కగా నాటుకొంటుంది. అమెరికా శాస్త్రజ్ఞురాలు ఐలీన్ కార్ష్ 1980లలో టెంపుల్ విశ్వవిద్యాలయంలో జరిపిన పరిశోధనలు దీనిని తెలిపాయి. రోజుకు 15 నిమిషాలు చేతిలోకి తీసుకొన్న కూనల కంటె 40 నిమిషాలు తీసుకొన్నవి మనుషులకు ఎక్కువ చేరువైనట్లు కూడా ఆమె గమనించారు. ఈ గడువు దాటిన కూనను మచ్చిక చేయడం అసాధ్యం కాదు గాని, వారాల పని నెలలకు సాగుతుంది. మనిషి చేయి ఎరుగక పెరిగిన పెద్దపిల్లిని ఇంట బంధించడం తగదు. గర్భనిరోధక శస్త్రచికిత్స చేయించి, దాని తావులోనే వదలడం మేలు.

తల్లి సహించినంతవరకు కూనలను ఎనిమిది వారాలు దానివద్దనే ఉంచి, అక్కడే అలవాటు చేయడం ఉత్తమం. వీలుకానప్పుడు, మెత్తని తిండి తినగలిగిన ఐదవ వారం తరువాత ఇంటికి తేవచ్చు.

మచ్చిక చేసే క్రమం

ఇల్లంతా వదిలితే కూన బీరువా కిందికి దూరి బయటికి రాదు. చిన్న గది ఒకటి చాలు. అందులో కంత పెట్టిన అట్టపెట్టె, పాత గుడ్డ, మంచినీరు, దూరంగా ఇసుక పళ్లెం ఉంచాలి. మొదటి రోజు దానిని కదిలించరాదు. మరునాటి నుండి నేలమీద, కొంచెం పక్కకు తిరిగి కూర్చొని, మెల్లగా మాట్లాడుతూ తిండి పెట్టాలి. గిన్నెను పూట పూటకూ చేరువకు జరపాలి. ఆపై చెంచాతోను, తరువాత వేలితోను తినిపించాలి. తినేటప్పుడే చెంపలను, మెడను నిమరాలి. బుసకొట్టడం కోపం కాదు, భయం. కొట్టినా, తరిమినా అంతవరకు పడిన శ్రమ వృథా అవుతుంది.

ఉప్పు, కారం, ఉల్లి లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప, కోడిమాంసం పెట్టవచ్చు. ఆవుపాలు విరేచనాలు కలిగిస్తాయి. చిన్న కూనకు అవి ప్రాణాపాయం.

తల్లి మెడతోలు పట్టి ఎత్తగానే కూన కదలక ఒదిగిపోతుంది. వైష్ణవులు శరణాగతికి చెప్పే మార్జాలకిశోర న్యాయానికి ఆధారం ఇదే. అయితే ఆ ఒదుగు తల్లి నోటికే చెల్లు. మనిషి రొమ్ము కింద ఒక చేయి, వెనుక కాళ్ల కింద మరొక చేయి పెట్టి ఎత్తాలి.

ఇంటిలోని పెద్దలు, పిల్లలు అందరూ వంతులవారీగా దానివద్ద కూర్చోవాలి. మిక్సీ చప్పుడును, ఆడికృత్తిక కావడి మేళాలను కూడా దూరం నుండి క్రమంగా అలవాటు చేయాలి.

కరచినా, రక్కినా

గాయాన్ని పారే నీటిలో సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆనాడే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. రేబిస్ సోకి లక్షణాలు బయటపడితే బ్రతకడం దాదాపు అసాధ్యం. గాయంపై పసుపు, సున్నం, కారం పూయరాదు. పిల్లలు భయపడి దాచకుండా ముందే చెప్పి ఉంచాలి. కూనకు మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించాలి. నులిపురుగుల మందు పశువైద్యుడు చెప్పినట్లే ఇవ్వాలి. మనుషులు వాడే పారాసిటమాల్ పిల్లికి విషం.

చేపట్టే ముందు

మనిషిని నమ్మిన కూన వీధి జాగ్రత్తను మరచిపోతుంది. దానిని మళ్లీ వీధిలో వదిలితే, మచ్చిక చేయకపోవడమే మేలనిపించే గతి పడుతుంది. కనుక ఏ ఇంట పెరగనున్నదో మొదటి గిన్నె పెట్టకముందే నిశ్చయించుకోవాలి. ఆడకూన నాలుగైదు నెలలకే చూలు దాల్చగలదు. తొమ్మిది వారాలలో ఈనుతుంది. ఆ వయసు రాకముందే దానికీ, ఈలోగా తల్లికీ పశువైద్యుని సలహాతో శస్త్రచికిత్స చేయించాలి. తల్లిని మరచి కూనను మాత్రమే చేరదీస్తే, మరికొన్ని నెలలకు అదే అటకమీద మరొక ఈత కనబడుతుంది.