నల్గొండ నీళ్లు నేర్పిన పాఠం



ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఒక రోడ్డు విజయవాడ వైపు, ఇంకొకటి నాగార్జునసాగర్ వైపు పోతాయి. రెండూ పాత నల్గొండ జిల్లా మీదుగా వెళ్లేవే. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, వనస్థలిపురం, హయత్‌నగర్‌లలో ఉండే ఎందరికో సొంతూరు ఆ దారుల్లోనే ఉంది. సెలవులు ఇవ్వగానే పిల్లలు అమ్మమ్మ దగ్గరికో, నాయనమ్మ దగ్గరికో పోయేదీ అటే. అందుకే ఈ నెల పాఠానికి ఫ్లోరైడ్‌ను ఎంచుకున్నాం. ఇది పరీక్షల కోసం చదివే పాఠం కాదు. మీ ఇంట్లో ఎనిమిదేళ్లలోపు పిల్లలుంటే ఇది వాళ్ల పళ్లకు సంబంధించిన విషయం.

ఎద్దులు ముందు చెప్పాయి

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో తొలిసారి గుర్తించింది నాటి నెల్లూరు జిల్లాలో. అక్కడి రైతులు దున్నే ఎద్దుల కీళ్లు బిగుసుకుపోయి నడవలేకపోవడం ముందుగా గమనించారు. తర్వాత మనుషుల్లోనూ అలాంటి బాధే కనిపించింది. మెడ తిరగదు, నడుము వంగదు. డాక్టర్ షార్ట్ బృందం ఆ ఊళ్లలో పరిశోధించి, కారణం తాగే నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేల్చింది.

అంతకుముందే అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఫ్రెడరిక్ మెకే అనే దంతవైద్యుడు స్థానికుల పళ్లమీద గోధుమరంగు మచ్చలు చూసి, కారణం కోసం ఏళ్ల తరబడి వెతికాడు. 1931లో రసాయన పరీక్షల్లో తేలింది కూడా ఫ్లోరైడే. అయితే ఆ మచ్చలున్న పళ్లు పుచ్చిపోవడం తక్కువని కూడా ఆయన గమనించాడు. కొద్దిగా ఉంటే పంటికి మేలు, ఎక్కువైతే చేటు. మనం తేల్చుకోవలసిందల్లా అది ఎంత ఉందన్నదే.

తార్నాక శాస్త్రవేత్తలు ఏం చూశారు?

మన నగరంలోని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1970లలో అక్కడి శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లా ఊళ్లకు వెళ్లినప్పుడు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతూ, పాదాలు దూరంగా ఉన్న పిల్లలు కనిపించారు. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో ఈ విషయాన్ని ‘లాన్సెట్’ వైద్య పత్రికలో ప్రకటించారు. నీళ్లతో పాటు తిండి పాత్ర ఎంత అని కూడా ఆ సంస్థ పరిశీలించింది. జొన్న ముఖ్య ఆహారంగా ఉన్నప్పుడు, వరి అన్నంతో పోలిస్తే శరీరంలో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని గమనించింది. దీన్ని చదివి జొన్నరొట్టె మానేయాల్సిన పనిలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న చోటే ఆ తేడా లెక్కలోకి వస్తుంది.

అదే సంస్థ 2002లో ప్రచురించిన ఇంకో అధ్యయనం మన వంటింటికి దగ్గరిది. బడి పిల్లలకు 18 రోజుల పాటు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి చూస్తే, మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. అలాగని చారు, పులుసు ఈ జబ్బుకు మందని అనుకోవద్దు. మంచి నీళ్లకు అవి తోడు మాత్రమే.

రాయిలోంచి గ్లాసులోకి

నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి. అందులోని కొన్ని ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. వాన నీళ్లు భూమిలోకి దిగి రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిచినప్పుడు ఫ్లోరైడ్ కొంచెం కొంచెంగా నీళ్లలో కరుగుతుంది. అందుకే లోతు బోర్లలో సమస్య ఎక్కువ. నది నీళ్లలో, చెరువు నీళ్లలో సాధారణంగా తక్కువ. నాగార్జునసాగర్ నుంచి వచ్చే కృష్ణా నీళ్లు నల్గొండ జిల్లాలోని కోదండాపూర్‌లో శుద్ధి అయి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో ప్రయాణించి మన పక్కనే ఉన్న సాహెబ్‌నగర్‌కు చేరతాయి. మన నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు అవే. హైదరాబాద్ కింద ఉన్నదీ గ్రానైటే కాబట్టి, నల్లా నీళ్ల సంగతి వేరు, అపార్ట్‌మెంట్ బోరు సంగతి వేరు.

ఎంత ఉండొచ్చు?

భారత ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి కూడా 1.5. లీటరుకు ఒక మిల్లీగ్రామంటే పది లక్షల వంతుల్లో ఒక వంతు. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు అనుకుంటే, 50 లీటర్లలో ఒక చుక్క. అంటే 20 లీటర్ల క్యాన్లు రెండున్నర తీసుకుని, వాటి మొత్తంలో ఒకే ఒక్క చుక్క కలిపినట్టు. దాన్ని కన్ను చూడలేదు, నాలుక పట్టలేదు.

ఎనిమిదేళ్లలోపు ఎందుకు ముఖ్యం?

పాలపళ్లు ఊడాక వచ్చే శాశ్వత దంతాలకు ఎనామెల్ అనే పైపొర చిగుళ్ల లోపలే తయారవుతుంది. ఈ పని పుట్టినప్పటి నుంచి సుమారు ఎనిమిదేళ్ల వరకు సాగుతుంది. ఆ కాలంలో ఒంట్లోకి పోయే ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్లమీద సుద్ద లాంటి తెల్ల గీతలు, మచ్చలు వస్తాయి. ఇంకా ఎక్కువైతే అవి గోధుమరంగుకు తిరుగుతాయి. మామూలు గార పంటి పైన పట్టేది కాబట్టి శుభ్రం చేస్తే పోతుంది. ఈ మచ్చలు ఎనామెల్‌లోనే ఉంటాయి, ఎంత తోమినా పోవు. పన్ను బయటికి వచ్చాక మనం మేల్కొన్నా, ఆ పన్ను విషయంలో ఆలస్యమైపోయినట్టే. ఎముకల ఫ్లోరోసిస్ మాత్రం చాలా ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లను ఏళ్ల తరబడి తాగితే వస్తుంది. ఒకసారి ముదిరితే వెనక్కి తిప్పే మందు లేదు. నివారణే వైద్యం.

పటిక, సున్నం

ఈ సమస్యకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ 1970లలో ఒక పద్ధతి రూపొందించి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే పెట్టింది. నీళ్లలో లెక్క ప్రకారం పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి బాగా కలుపుతారు. తర్వాత మెల్లగా తిప్పుతూ ఉంటే దూదిపింజల్లాంటి తెట్టెలు కడతాయి. ఫ్లోరైడ్ వాటిని పట్టుకుని అడుగుకు చేరుతుంది. పై నీళ్లను తేర్చుకోవాలి. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియా వంటి దేశాలు కూడా దీన్ని ప్రయత్నించాయి. దీన్ని ఇంట్లో అంచనాగా చేయొద్దు. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంత, క్షారగుణం ఎంత అని పరీక్షించాకే మోతాదు తేలుతుంది. మోతాదు తప్పితే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది.

మన ఇంట్లో జరిగే పొరపాట్లు

నీళ్లు కాచి తాగితే చాలనుకుంటాం. కాచితే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని సాంద్రత ఇంకాస్త పెరుగుతుంది.

టీడీఎస్ మీటరులో అంకె తక్కువ చూపిస్తే నిశ్చింతగా ఉంటాం. ఆ మీటరు నీళ్లలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి ఒక అంకె చెబుతుంది. అందులో ఫ్లోరైడ్ వాటా ఎంతో చెప్పదు.

ఏ ఫిల్టరైనా ఒకటే అనుకుంటాం. యూవీ దీపానికీ, మామూలు కార్బన్ ఫిల్టరుకూ ఫ్లోరైడ్ లొంగదు. ఆర్వో మెంబ్రేన్ చాలావరకు ఆపుతుంది, కానీ పాతబడితే దాని పని తగ్గుతుంది.

తాగడానికి ఆర్వో నీళ్లు పెట్టి, వంటకు బోరు నీళ్లు వాడతాం. అన్నం, పప్పు ఉడికేటప్పుడు పీల్చుకునేది ఆ బోరు నీళ్లనే. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని తేలితే వంటకూ వేరే నీళ్లు వాడాలి.

టూత్‌పేస్టు ప్రకటనలో చూపినట్టు బ్రష్ నిండా పెడతాం. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు బఠానీ గింజంత చాలు. మింగకుండా ఉమ్మేయడం నేర్పండి. ఫ్లోరైడ్ ఎక్కువున్న ఊళ్లో పెరుగుతున్న పిల్లలైతే ఏ పేస్టు వాడాలో దంతవైద్యుణ్ని అడగండి.

పాలు, ఆకుకూరలు, ఉసిరి, జామ పిల్లల రోజువారీ తిండిలో ఉండేలా చూడండి. క్యాల్షియం, విటమిన్ సి సరిపడా అందే పిల్లలు ఫ్లోరైడ్‌ను మెరుగ్గా తట్టుకుంటారు.

పిల్లలతో కలిసి చేయండి

ఈ నెల ఒక ఆదివారం మీ అబ్బాయినో అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని ఒక కాగితం మీద నాలుగు గళ్లు గీయించండి: తాగే నీళ్లు, వంట నీళ్లు, బడికి పట్టుకొచ్చే నీళ్లు, సొంతూళ్లో తాగే నీళ్లు. ఒక్కో గడిలో ఆ నీళ్లు ఎక్కడివో రాయమనండి. నల్లావా, బోరువా, ట్యాంకర్‌వా, క్యాన్‌వా? ట్యాంకర్ నీళ్లయితే అవి జలమండలివా, ప్రైవేటు బోరువా అని అడిగి తెలుసుకోమనండి.

తర్వాత ఒక చిన్న లెక్క. లీటరులో 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే ఒంట్లోకి ఎంత పోతుంది? ఒక మిల్లీగ్రాము ఉన్న నీళ్లయితే ఎంత? ఎనిమిదికీ రెండుకీ ఉన్న తేడా పిల్లలకే అర్థమవుతుంది.

‘బోరు’ అని రాసిన గడి ఏదైనా ఉంటే ఆ నీళ్లను పరీక్ష చేయించండి. నారాయణగూడలోని ఐపీఎం ప్రయోగశాలలో నీటి పరీక్షలు చేస్తారు. నమూనా ఎలా పట్టాలో, రుసుము ఎంతో ముందే కనుక్కుని వెళ్లండి. ఫ్లోరైడ్ పరీక్ష కావాలని ప్రత్యేకంగా చెప్పండి. అపార్ట్‌మెంట్ బోరైతే మెయింటెనెన్స్ సమావేశంలో ఈ మాట ఎత్తండి. ఒక్క పరీక్షతో భవనంలోని పిల్లలందరి సంగతీ తేలుతుంది.

ఈసారి ఊరికి ఫోన్ చేసినప్పుడు పంట, పెళ్లి కబుర్లతో పాటు ‘నాయనమ్మా, మీరు ఏ నీళ్లు తాగుతున్నారు?’ అని కూడా పిల్లలతో అడిగించండి. గడులు నింపిన కాగితాన్ని తరగతి టీచర్‌కు చూపించమనండి.