అక్షరం కుదిరాక అడగాల్సినవి

బడిలో హాజరు పిలవడంతోనే నా ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యి నరసరావుపేటలో ఉంటున్నప్పటి నుంచి, బారసాల దగ్గరపడ్డాక పేరు అడగడానికి మా ఇంటికొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. అందరూ ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాళ్లే. ఇప్పుడు తల్లిదండ్రులు, కొందరైతే తాతలు, నాయనమ్మలు. "పంతులమ్మగారూ, 'రీ' వచ్చింది, ఏం పెడదామంటారు?" అంటూ కూర్చుంటారు. అక్షరం పంతులుగారు చెప్పేశారు. మిగిలింది భయం. పాతకాలపు పేరంటారేమో, పల్లెటూరి పేరంటారేమో, ఫలానావాళ్ల పేరంటారేమో అని. వాళ్లకు విడివిడిగా చెప్పిన మాటలే ఇక్కడ వరస పెడుతున్నాను.

1. పంచాంగం అక్షరం జన్మనామానికి. పిలిచే పేరు మీ ఇష్టం.

నక్షత్రాలు 27, ఒక్కోదానికి పాదాలు 4, మొత్తం 108 అక్షరాలు. అశ్వినికి చూ, చే, చో, లా. చిత్తకు పే, పో, రా, రీ. ఇంతవరకూ ఇబ్బంది లేదు. హస్తకొచ్చేసరికి పూ తర్వాత ష, ణ, ఠ వస్తాయి. ఆరుద్రలో ఙ ఉంది. ణకారంతో ఎవరికి ఏం పేరు పెడతాం? ఉత్తరాభాద్ర మూడో పాదం 'ఝ' కాబట్టి ఝాన్సీ అని పెట్టినవాళ్లున్నారు, 'ఠ' వచ్చిందని ఠాగూర్ అని పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అవీ కుదరకపోతే, అదే నక్షత్రంలో ఇంకో పాదం అక్షరం తీసుకోమని పంతులుగారే చెబుతారు. శాస్త్రం చెప్పేవాళ్లే ఇంత వెసులుబాటు ఇస్తుంటే, ఇంట్లోవాళ్లు పట్టుబట్టి పసిబిడ్డకు నోరు తిరగని పేరు తగిలించడం నాకు బాధనిపిస్తుంది.

బారసాలలో పళ్లెం నిండా బియ్యం పోసి, తండ్రి బంగారు ఉంగరంతో పేరు రాస్తాడు కదా. పద్ధతి తెలిసిన ఇళ్లలో నక్షత్రనామం, వ్యవహారనామం వేర్వేరుగా రాస్తారు. చెవిలో చెప్పే పేరుకు పాదం చూసుకోండి. వీధిలో, బడిలో పిలిచే పేరు బిడ్డకు సుఖంగా ఉండాలి. "అక్షరం తప్పితే కీడంటమ్మా" అని ఒక నాయనమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంటే ఈ రెండు పేర్ల సంగతే చెప్పాను. ఆవిడకు ఊరట కలిగింది, కోడలికి నచ్చిన పేరూ నిలబడింది.

2. ఇంగ్లీషు అక్షరం వెంటపడకండి.

"ఎస్‌తో కావాలి మేడం" అంటారు ఇప్పటి పిల్లలు. శ, ష, స మూడూ వాళ్లకు ఎస్సే. లెక్క కుదరలేదని ఒక 'ఏ' పక్కన ఇంకో 'ఏ' చేర్పించే సంఖ్యాశాస్త్రం ఒకటి తయారైంది. అలాంటి పేరున్న పిల్లవాడు తన పేరు తాను రాసుకోలేక పలక మీద మళ్లీ మళ్లీ తుడుపుకోవడం చూశాను. 'ఏ' అయితే అన్నిటా ముందుంటాడని కొందరి ఆశ. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, కాబట్టి ఇంటిపేరు 'వై' అయిన ఇంట్లో పుట్టిన అఖిల్ జాబితాలో అడుగునే ఉంటాడు. మొదటి అక్షరాలతో పేరు తెచ్చుకున్నవాళ్లు మనకు లేకపోలేదు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యాడు, చాగంటి సోమయాజులు చాసో అయ్యాడు, సింగిరెడ్డి నారాయణరెడ్డి సినారె అయ్యాడు. అవి వాళ్ల రాతవల్ల వెలిగిన అక్షరాలు.

3. ఊరి దేవుడి పేరుకు సిగ్గుపడకండి.

కోటప్పకొండ నీడన ఉన్నవాళ్లం. శివరాత్రికి ప్రభలు కట్టే ఊళ్లలో ఇంటికొక కోటయ్యో, కోటమ్మో, కోటేశ్వరరావో ఉండేవాళ్లు. మాచర్ల వైపు పోతే చెన్నకేశవులు, చెన్నయ్య, చెన్నమ్మ. ఒకే తరగతిలో ముగ్గురు కోటేశ్వరరావులుంటే ఇంటిపేరు మొదటి అక్షరమే దిక్కు. కె. కోటేశ్వరరావు, పి. కోటేశ్వరరావు అని రిజిస్టరులో, పొడుగు కోటి, పొట్టి కోటి అని మైదానంలో. ఇప్పుడా పేరు పెడితే హైదరాబాదులో పిల్లవాణ్ణి చులకనగా చూస్తారని తల్లుల బెంగ. ఆ బెంగ ఒట్టిదేమీ కాదు. పట్నంలో పేరు వినగానే ఊరు, చదువు, డబ్బు అన్నీ అంచనా కట్టేసేవాళ్లున్నారు. అంతమాత్రాన ఈ నేల గుర్తు ఒక్కటీ లేకుండా పేరు పెట్టాలా? తాత పేరులో ఒక ముక్క కలిపి పెట్టుకున్న ఇళ్లలో ఆ పిల్లలకు తమ ఊరి కొండ కథ తెలుసు. నాకు అదే ముఖ్యం.

4. నాగమ్మ పేరు గురించి.

దీని మీద నేను ఎక్కువే మాట్లాడతాను. అనూరాధ మొదటి పాదానికి 'నా' వస్తుంది. ఆడపిల్ల పుడితే పెద్దవాళ్ల నోట నాగమ్మ, నాగమణి, నాగలక్ష్మి అని వస్తాయి. నాగేంద్రుడికి మొక్కుకున్న ఇల్లయితే మరీను. "నాగమ్మ వద్దమ్మా, గయ్యాళిదంటారు" అని పక్కింటివాళ్లు అడ్డుపడతారు. పల్నాట్లో గట్టిగా మాట్లాడే ఆడమనిషిని నాయకురాలు నాగమ్మతో పోల్చడం మామూలే, అందులో మెచ్చుకోలు తక్కువ.

ఎవరీ నాగమ్మ? 12వ శతాబ్దంలో గురజాలలో నలగామరాజు కొలువులో మంత్రాంగం నడిపిన స్త్రీ. అవతల మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. కోడిపందెంలో మాచర్లవాళ్ల ఓటమి, వనవాసం, చివరికి కారెంపూడి రణం. ఈ కథ వీరగాథగా పాడినవాళ్లు బ్రహ్మనాయుడి పక్షాన నిలబడి పాడారు. కారెంపూడి వీర్లగుడిలో కార్తీకంలో జరిగే ఆరాధనా ఆ వీరులదే. తర్వాత నాటకాలు, సినిమాలు వచ్చాయి. 1947 పల్నాటి యుద్ధంలో కన్నాంబ, 1966 నాటి దాంట్లో భానుమతి నాగమ్మలయ్యారు. ఆ ఇద్దరు మహానటుల గొంతులో ఆమె పట్టుదల మనకు వినపడింది, అయినా జనం నోట పగ మాత్రమే మిగిలింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక రాజ్యాన్ని నడిపిన ఆడమనిషి పేరు మనకు తిట్టుగా మిగలడం న్యాయం కాదు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి పేరు పెట్టుకోవడానికి వెనకాడనివాళ్లు, ఈ పేరు దగ్గరే ఎందుకు ఆగుతారు? తెలివైన పిల్ల ఏదైనా అడిగితే "ఇదిగో నాగమ్మ" అని నోరు మూయించిన ఇళ్లు నాకు తెలుసు. పేరు పెట్టినా పెట్టకపోయినా, ఆ మాట మాత్రం మానండి.

5. పాత మొరటు పేర్ల వెనక ప్రాణభయం ఉంది.

పెంటయ్య, పుల్లయ్య, పిచ్చయ్య, భిక్షాలు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఈ ఒక్కడైనా దక్కాలని పెంట మీద వేసి తీసుకున్నారు, ఎంగిలి విస్తట్లో పొర్లించారు, భిక్షమెత్తిన పేరు పెట్టారు. చావు కన్ను పడకూడదని అలా పిలిచారు. తాత పేరు విని పిల్లలు నవ్వితే ఈ కథ చెప్పండి.

మొక్కుకుని పెట్టిన పేర్లూ ఉన్నాయి. కృష్ణ దాటితే జాన్‌పహాడ్ దర్గా ఉంది, సైదులు అన్న పేరు అక్కడి మొక్కు. మస్తాన్, నాగూర్ కూడా అంతే. హిందువుల ఇళ్లలో సైదయ్య, మస్తాన్‌రావు, నాగూరమ్మ ఉన్నారు. పేరు చూసి మతం చెప్పేస్తామనేవాళ్లు మా పల్నాడు హాజరు పట్టీ ఒక్కసారి చదవాలి.

6. పేరు చూసి కులం వెతికే అలవాటు పెద్దలదే, పిల్లలది కాదు.

కొత్త పిల్లవాడు చేరగానే ఇంటిపేరు మొదటి అక్షరం చూసి, "అంటే ఏమిట్రా? పూర్తిగా చెప్పు" అని అడిగే ఉపాధ్యాయులను చూశాను. ఆ ప్రశ్న దేనికో ఆరో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. వాడు తల దించుకుని చెబుతాడు. చర్చిలో ఒక పేరు, రికార్డులో ఒక పేరు మోసే పిల్లలకు ఇది మరీ కష్టం. ఇంట్లో పిలిచే పేరు బడిలో పొరపాటున కూడా పైకి అనరు.

మన వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువాకూ ఈ ప్రశ్న తప్పలేదు. ఆయన పద్యం విని మెచ్చుకున్నవాళ్లే ఆ తర్వాత కులం అడిగేవారు. గబ్బిలం రాసిన ఆ కవికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. అప్పటికి ఆయన పడాల్సిన అవమానాలన్నీ పడ్డాడు. కాలం మారిందంటారు. కానీ 2004లో అచ్చయిన ఒక పరిశోధనలో, అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు ఒకేరకం ఉద్యోగ దరఖాస్తులు పేర్లు మార్చి పంపితే, నల్లవాళ్ల పేర్లకంటే తెల్లవాళ్ల పేర్లకు సుమారు 50 శాతం ఎక్కువ పిలుపులొచ్చాయి. మన దేశంలో థొరాట్, అట్టెవెల్ అనే పరిశోధకులు అలాగే పరీక్షించి 2007లో ప్రచురించిన ఫలితాల్లో దళిత, ముస్లిం పేర్లకు పిలుపులు తగ్గాయి. అందుకని కులం తెలియని పేరు వెతుక్కునే తల్లిని నేను తప్పుపట్టను. పేరు చివర కులం తోక తగిలించి తీరాలనే తండ్రితో మాత్రం వాదిస్తాను. బిడ్డ పుట్టీ పుట్టకముందే వాడి తోటిపిల్లల్లో ఎవరు పైన, ఎవరు కింద అన్న లెక్క వాడి నెత్తిన పెడుతున్నాడు.

7. కాగితం సంగతి మరిచిపోకండి.

జననం 21 రోజుల్లో నమోదు చేయించాలి. పేరు తేలకపోతే ఖాళీగా వదిలి, ఏడాది లోపల రుసుము లేకుండా రాయించుకోవచ్చు. ఆ తర్వాతయితే రుసుము కట్టి 15 ఏళ్ల దాకా. కాబట్టి అక్షరం కోసం హడావిడిపడి ఏదో ఒకటి రాయించనక్కర్లేదు. 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు బడిలో చేరడం దగ్గర్నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అందులో ఇంటిపేరును ఒక్క అక్షరంతో సరిపెట్టకండి, పూర్తిగా రాయించండి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద పిల్లవాడి పేరుండాల్సిన చోట 'ఎఫ్‌ఎన్‌యు' అని పడుతుంది, మొదటి పేరు తెలియదని దాని అర్థం. అంత వెతికి పెట్టిన పేరు అక్కడ ఇంటిపేరు గడిలోకి పోతుంది. పత్రం చేతికి రాగానే ఇద్దరు కూర్చుని తెలుగులో, ఇంగ్లీషులో అక్షరం అక్షరం సరిచూడండి. తేడా ఉంటే వెంటనే మున్సిపాలిటీకో, పంచాయతీకో వెళ్లి దిద్దించండి. పిల్లవాడు పదో తరగతికొచ్చాక ఆ పని మొదలుపెడితే అఫిడవిట్లు, నోటరీలు, తిరుగుళ్లు.