కోరంగివారు ఏ ఊరివారు?

సముద్రము దాటి వెళ్ళిన మనిషి అన్నిటికంటె ముందుగా పోగొట్టుకొనేది తన ఊరి పేరు. మారిషస్ ద్వీపములోను, బర్మాలోను తెలుగువారిని చాలాకాలము 'కోరంగీలు' అని పిలిచినారు. కోరంగి గోదావరి ముఖద్వారమున, కాకినాడకు చేరువలో ఉన్న పాత రేవు. ఒకప్పుడు ఓడల నిర్మాణమునకు పేరుపొందినది. 1789లోను, 1839లోను వచ్చిన తుఫానులు దానిని ఘోరముగా దెబ్బతీసినవి. రేవు క్షీణించినది కాని దాని పేరు సముద్రము దాటి, అక్కడి తెలుగువారందరికి అంటుకొన్నది. విశాఖపట్నము, భీమునిపట్నము వైపు నుండి వెళ్ళినవారు సైతము కోరంగీలే అయినారు. కనుక 'మా ముత్తాత కోరంగి' అని అక్కడివారెవరైన చెప్పినచో, ఆయన కోరంగిలో పుట్టినాడని తలచరాదు.

ఈ చిక్కు మనకే పరిమితము కాదు. వేల్స్ రేవులలో స్థిరపడిన ఐరిష్ నావికుల సంతతివారిదీ ఇదే కష్టము. పందొమ్మిదవ శతాబ్దపు బ్రిటిష్ జనాభా లెక్కలలో ఐర్లండులో పుట్టినవారికి 'ఐర్లండు' అని వ్రాసిన చాలును, ఊరు అక్కరలేదు. పోనీ ఐర్లండులోనే వెదుకుదమన్నచో, 1922లో డబ్లిన్‌లోని ప్రభుత్వ దస్తావేజుల భవనము తగలబడి, 1821 నుండి 1851 వరకు జరిగిన జనాభా లెక్కల కాగితములు చాలవరకు బూడిదైనవి. చివరకు వారికి దారి చూపునది ఓడయే. 1835 నాటి చట్టము వలన ఓడల సిబ్బంది పట్టికలలో ప్రతి నావికుని వయస్సు, పుట్టినచోటు వ్రాయుట ఆరంభమైనది. ఇంటికి వచ్చిన గుమాస్తా అడుగని ఊరిని ఓడ గుమాస్తా అడిగినాడు!

మనవారికి కూడ ఓడ పట్టికయే గొప్ప ఆధారము. 1860 నవంబరు 16న మద్రాసు నుండి 'ట్రూరో' అను ఓడ డర్బన్ చేరినది. నాటి నుండి 1911 వరకు నేటాలునకు 1,52,184 మంది ఒప్పంద కూలీలు వెళ్ళినారు. వారి పట్టికలు నిలిచియున్నవి. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము లేక మతము, ఎత్తు, జిల్లా, తాలూకా, గ్రామము, ఒంటిమీది మచ్చలు వాటిలో కనిపించును. మారిషస్ రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. కొందరి ఛాయాచిత్రములు కూడ లభించును. కూలీని అదుపులో ఉంచుటకు వ్రాసికొన్న గురుతులు నేడు మునిమనుమలకు ముత్తాత రూపురేఖలను చెప్పుచున్నవి.

ఐతే ఈ పట్టికలను జాగ్రత్తగా చదువవలెను. వాటిలోని 'విజగపటం జిల్లా' నేటి విశాఖపట్నము జిల్లా కాదు. కోరాపుట్ ప్రాంతము 1936లో ఒరిస్సాలో చేరినది. 1950లో శ్రీకాకుళము, 1979లో విజయనగరము, 2022లో అనకాపల్లి మున్నగునవి వేరు జిల్లాలైనవి. ఊరి పేరు 'కొత్తూరు' అని ఉన్నంత మాత్రాన లాభము లేదు. అట్టి ఊళ్ళు ఎన్నో కలవు. తాలూకా పేరే అసలు తాళపుచెవి. పైగా ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినిపించినట్లు వ్రాసినాడు గనుక, ఆ అక్షరములను పైకి చదివి, తెలుగులో ఏ ఊరికి సరిపోవునో విని చూడవలెను. ఇంటిపేరు తరచు కనిపించదు. షేక్, సయ్యద్ వంటి పేర్లు వేలాదిగా ఉండుటచే ముస్లిములకు తండ్రి పేరే ప్రధానమైన ఆనవాలు.

బర్మా సంగతి వేరు. అక్కడికి వెళ్ళినవారిలో అధికులు మేస్త్రీల చేతి అప్పుతోనో, సొంత ఖర్చుతోనో వెళ్ళినారు. వారికి నేటాలు వంటి పట్టికలు లేవు. మన నౌకాశ్రయము 1933లో తెరువబడుటకు పూర్వము ఓడలు తీరమునకు దూరముగా నిలిచేవి. ప్రయాణికులను పడవలలో చేర్చేవారు. 1942లో జపాను సేనలు రంగూను పట్టుకొన్నపుడు వేలాదిమంది అడవుల వెంట కాలినడకన తిరిగివచ్చినారు. ఆ కుటుంబములకు పెట్టెల అడుగున మిగిలిన కాగితములే ఆధారము: రంగూను ఉత్తరములు, మనియార్డరు రశీదులు, భూమి దస్తావేజులు, తండ్రుల పేర్లున్న నిఖానామాలు. వీటిలో కొన్ని ఉర్దూలో, కొన్ని పాత తెలుగు గొలుసుకట్టు వ్రాతలో ఉన్నవి. ఆ రెండు వ్రాతలు చదువగల పెద్దలు మన విద్యార్థుల ఇండ్లలో ఇంకను కొందరున్నారు. వచ్చే సెలవులలో వారి ఎదుట ఆ కాగితములు పరచి, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా ఒక నోటుపుస్తకములో ఎత్తి వ్రాయుట మొదలుపెట్టవచ్చును.